ప్లానింగ్ ఇంజనీరుకు ఆన్‌లైన్ శిక్షణ: ఏది చూసి చేరాలి

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు బీటెక్ సివిల్ చదివి, హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులో నాలుగేళ్లుగా సైట్ ఇంజనీరుగా పనిచేస్తున్నారు. ఇప్పుడు ప్లానింగ్ వైపు, అంటే ఏ పని ఎప్పుడు జరగాలో చూపే షెడ్యూళ్లు తయారుచేసే పనికి మారాలనుకుంటున్నారు, అయితే ఉద్యోగం మానకుండా. మీ ముందు మూడు ఆన్‌లైన్ కోర్సులున్నాయి: ఎనిమిది రోజుల్లో ప్రిమావెరా అనే షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేరు నేర్పించి సర్టిఫికెట్ ఇస్తామంటున్నది ఒకటి, ఆరు వారాలపాటు సాయంత్రాలు ప్రత్యక్షంగా పాఠాలు చెప్పేది ఇంకొకటి, ఎప్పుడు వీలైతే అప్పుడు చూసుకునే రికార్డెడ్ వీడియోలది మూడోది. వీటిలో ఏది మేలు, సర్టిఫికెట్లలో పీఎంపీ చేయాలా పీఎంఐ-ఎస్పీ చేయాలా, గల్ఫ్‌లో అవకాశం వస్తుందా అన్నవి మీ ప్రశ్నలు.

నేను పంతొమ్మిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదటి మూడేళ్లు హైదరాబాదులో, తర్వాత పదకొండేళ్లు దోహా, అబుదాబిల్లో కాంట్రాక్టర్ల దగ్గర షెడ్యూళ్లు తయారుచేశాను. గత ఐదేళ్లుగా మళ్లీ ఇక్కడే ఉంటూ, క్లయింట్ తరఫున, కాంట్రాక్టర్లు పంపే షెడ్యూళ్లను పరిశీలించి తప్పులు రాసి పంపుతున్నాను. నాకు శిక్షణ సంస్థ ఏదీ లేదు. మీరు ఎక్కడ చేరినా నాకు వచ్చేదీ పోయేదీ లేదు.

సూటిగా చెప్పాలంటే, ఆరు వారాల ప్రత్యక్ష తరగతుల్లో చేరండి, కానీ ఒక షరతు మీద. మీరు తయారుచేసిన ఫైలును శిక్షకుడు తన కంప్యూటర్లో తెరిచి, లైను లైనుకూ తప్పులు రాసి తిరిగి పంపుతాడా అని చేరేముందే అడగండి. పంపుతానంటే ఆ రుసుము ఇవ్వడంలో నష్టం లేదు. అలాంటిదేమీ ఉండదు, తరగతిలో అందరం కలిసి చేస్తాం అంటే మాత్రం, రికార్డెడ్ వీడియోలకూ దానికీ ఉన్న తేడా సమయపాలన ఒక్కటే. అప్పుడు తక్కువ ఖర్చుతో అయ్యేదాన్నే తీసుకోవడం మంచిది.

ఈ షరతు ఎందుకు పెడుతున్నానో చెప్పడానికి నాకు జరిగినదే చెబుతాను. నేను కూడా మొదట అమీర్‌పేటలో ఒక చిన్న గదిలో, పది కంప్యూటర్లున్న చోట, పన్నెండు రోజుల్లో ప్రిమావెరా నేర్చుకున్నవాడినే. ఈపీఎస్ (ప్రాజెక్టులను వరుసగా అమర్చే చట్రం) ఎలా పెట్టాలి, డబ్ల్యూబీఎస్ (ఒక ప్రాజెక్టును భాగాలుగా చూపే పట్టిక) ఎలా విడగొట్టాలి, యాక్టివిటీ, అంటే ఒక్కో పని, ఎలా చేర్చాలి, ఏ పని తర్వాత ఏదో చెప్పే లింకు ఎలా ఇవ్వాలి, తేదీలన్నీ మళ్లీ లెక్క కట్టే ఎఫ్9 నొక్కితే ఏమవుతుంది అన్నవన్నీ వచ్చేశాయి. ఆ ధైర్యంతోనే గల్ఫ్ వెళ్లాను. అక్కడ మొదటి ప్రాజెక్టులో సుమారు పన్నెండు వందల యాక్టివిటీల ప్రోగ్రాం (షెడ్యూలు) తయారుచేశాను. లెక్క కట్టి చూస్తే ప్రాజెక్టు ముగింపు తేదీ కాంట్రాక్టు తేదీని దాటిపోతోంది. కోర్సులో కన్‌స్ట్రెయింట్లు అని ఒక పాఠం ఉండేది కదా, దాన్ని గుర్తుచేసుకుని ముగింపు మైలురాయికి మాండేటరీ ఫినిష్, అంటే ఈ తేదీకే ముగియాలన్న బలవంతపు షరతు, పెట్టేశాను. తేదీ చక్కగా కాంట్రాక్టు తేదీ దగ్గర నిలిచిపోయింది. అయితే దానికి ముందున్న యాక్టివిటీలన్నిటికీ టోటల్ ఫ్లోట్ (ముగింపు తేదీ చెడకుండా ఆ పని ఎన్ని రోజులు ఆలస్యం కావచ్చన్న లెక్క) మైనస్‌లో కనిపిస్తోంది. ఎర్ర గీతలు మరీ ఎక్కువగా ఉన్నాయని ఆ కాలమ్‌నే లేఅవుట్‌లోంచి తీసేసి పంపాను. దాన్ని మోసమని నేను అనుకోలేదు, ప్రదర్శన బాగుండాలనే అనుకున్నాను.

వారం తర్వాత సమీక్షకు పిలిచారు. కన్సల్టెంట్ తరఫున వచ్చిన ప్లానర్ పెద్దగా ఏమీ మాట్లాడలేదు. ప్రొజెక్టర్ మీద నా ఫైలు తెరిచి, ఆ మైలురాయి దగ్గరకు వెళ్లి, కన్‌స్ట్రెయింట్ తీసేసి, ఎఫ్9 నొక్కాడు. మైలురాయి కాంట్రాక్టు తేదీని నలభై ఏడు రోజులు దాటి ఆగింది. గదిలో మా ప్రాజెక్టు మేనేజరుతో సహా పదకొండు మంది ఉన్నాం. ఆ నిమిషంన్నరలో నేను నేర్చుకున్నది అమీర్‌పేటలో పన్నెండు రోజుల్లో నేర్చుకోలేకపోయాను, ఎందుకంటే అక్కడ నా ఫైలును ఎవరూ అలా విప్పి చూడలేదు. తరగతిలో అందరి ఫైళ్లూ ఒకేలా ఉండేవి, అందరికీ ఒకే తేదీ వచ్చేది, వస్తే పాఠం అయిపోయినట్లు.

సాఫ్ట్‌వేరు నేర్పడం తప్పు కాదు, అది రాకుండా పని జరగదు. కానీ అందులో మీటలు ఎక్కడెక్కడున్నాయో తెలుసుకోవడం ఈ వృత్తిలో పదో వంతు కూడా కాదు. ప్రాజెక్టు ముగింపును నిర్ణయించే అతి పొడవైన పనుల దారిని లెక్కగట్టే క్రిటికల్ పాత్ పద్ధతిని 1957లో డ్యూపాంట్ సంస్థకు చెందిన మోర్గన్ వాకర్, రెమింగ్టన్ ర్యాండ్‌కు చెందిన జేమ్స్ కెల్లీ కలిసి రూపొందించారు. ప్రిమావెరా సిస్టమ్స్ పుట్టింది 1983లో, దాన్ని ఒరాకిల్ కొన్నది 2008లో. ఈ మధ్యలో సాఫ్ట్‌వేరు రూపం ఎన్నిసార్లో మారింది గానీ, లోపల జరిగే కూడికలూ తీసివేతలూ మాత్రం 1957 నాటివే. అందుకే ఏ కోర్సయినా మొదటి వారం కంప్యూటరు ముట్టుకోనివ్వకుండా కాగితం మీద లెక్క చేయిస్తే దాని మీద నాకు గౌరవం కలుగుతుంది.

ఒక చిన్న పునాది తీసుకోండి. తవ్వకానికి నాలుగు రోజులు, పీసీసీకి (అడుగున పోసే స్టీలు లేని కాంక్రీటుకు) ఒక రోజు. మరో వైపు స్టీలు సైటుకు రావడానికి ఆరు రోజులు, కటింగ్, బెండింగ్‌కు రెండు రోజులు. ఈ రెండు దారులూ కలిసిన తర్వాత స్టీలు కట్టడానికి మూడు రోజులు, కాంక్రీటుకు ఒక రోజు. సెంట్రింగ్‌ను ప్రస్తుతానికి పక్కన పెడదాం. తవ్వకం దారి ఐదు రోజుల్లో ముగుస్తుంది, స్టీలు దారి ఎనిమిది రోజులు పడుతుంది. కాబట్టి కట్టడం మొదలయ్యేది ఎనిమిది రోజులు గడిచాకే, మొత్తం పన్నెండు రోజులు. తవ్వకానికి మూడు రోజుల ఫ్లోట్ ఉంది. వాన పడి తవ్వకం రెండు రోజులు ఆలస్యమైతే ముగింపుకు ఏమీ కాదు, నాలుగు రోజులు ఆలస్యమైతే ఒక రోజు జరుగుతుంది. సైట్ ఇంజనీరుగా మీ కళ్లన్నీ గుంటలో నిలిచిన నీళ్ల మీదే ఉంటాయి. షెడ్యూలు మాత్రం ఇంకా బయలుదేరని స్టీలు లారీని చూడమంటోంది. ఈ చూపు మారడమే మీరు కోరుకుంటున్న ఉద్యోగం. ఇది చేతితో ఒక ఇరవై యాక్టివిటీలకు ముందుకూ వెనక్కూ లెక్క కట్టినవారికి వస్తుంది, తెర మీద ఎర్ర గీత చూసినవారికి రాదు.

ఇక క్యాలెండర్ల సంగతి, అంటే ఏవి పని దినాలో ఏవి సెలవులో సాఫ్ట్‌వేరుకు చెప్పే పట్టికలు. చాలా కోర్సుల్లో దీనికి పది నిమిషాలు కేటాయిస్తారు. నా దగ్గరకు వచ్చే ఫైళ్లలో తేదీలు తప్పిపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఇది ఒకటి. మీకు తెలిసిన విషయమే తీసుకుంటే, కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం నాలుగున్నర మీటర్లకు మించిన స్పాన్ ఉన్న స్లాబు కింద ప్రాప్‌లు (ఊతంగా నిలిపినవి) పద్నాలుగు రోజుల వరకు తీయకూడదు. దీన్ని చాలామంది కాంక్రీటుకూ ప్రాప్‌లు తీయడానికీ మధ్య పద్నాలుగు రోజుల లాగ్‌గా, అంటే లింకులోనే పెట్టే ఆగవలసిన కాలంగా, ఇస్తారు. పీ6 (ప్రిమావెరా సాఫ్ట్‌వేరే) మామూలుగా ఈ లాగ్‌ను ముందున్న యాక్టివిటీ క్యాలెండర్‌తో లెక్కిస్తుంది. కాంక్రీటు యాక్టివిటీకి ఆదివారం సెలవున్న ఆరు రోజుల క్యాలెండర్ ఉంటే, గురువారం స్లాబు పోసిన లెక్కకు పద్నాలుగు పని దినాలంటే పదహారు రోజులు పడుతుంది. శుక్రవారం పోస్తే పదిహేడు. ఆదివారం సెలవని కాంక్రీటు గట్టిపడడం మానదు కదా! మీ దగ్గర ప్రాప్‌లు ఒకే సెట్టు ఉండి, స్లాబులు వరుసగా దాని మీదే ఆధారపడి ఉంటే, పది స్లాబులకు కనీసం ఇరవై రోజులు అనవసరంగా కలుస్తాయి. దీనికి నేను వాడే మందు సులువైనది. లాగ్ తీసేసి, ‘ప్రాప్‌లు ఉంచవలసిన కాలం’ అని ఒక యాక్టివిటీ పెట్టి, దానికి ఏడు రోజుల క్యాలెండర్ ఇస్తాను. చదివేవారికి కూడా అక్కడ ఏం జరుగుతోందో కనిపిస్తుంది. లాగ్ అయితే గీతలో దాక్కుని ఉంటుంది.

గల్ఫ్ వెళ్లాలనుకుంటున్నారు కాబట్టి అక్కడి క్యాలెండర్ల గురించి కూడా చెబుతాను. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని నిషేధం. ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 నుంచే మొదలై, ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఉంటుంది. రంజాన్ నెలలో రోజుకు రెండు గంటల చొప్పున పని తగ్గుతుంది, ఆ నెల ఏటా సుమారు పదకొండు రోజులు వెనక్కు జరుగుతూ వస్తుంది. మూడేళ్ల ప్రాజెక్టులో మూడు రంజాన్‌లు మూడు వేర్వేరు చోట్ల పడతాయి. కోర్సులో ఇచ్చే నమూనా ప్రాజెక్టులో సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు ఎనిమిది గంటల క్యాలెండర్ ఉంటుంది. అలాంటి క్యాలెండర్ మీద నడిచే సైటును నేను ఇంతవరకు చూడలేదు. మన దగ్గర గోదావరి మీద పనులు చేసేవారిని అడగండి, జూలై నుంచి వరద కాలమంతా నదీగర్భంలో చేసే పనులకు వేరే క్యాలెండర్ ఉంటుంది. డెమో తరగతిలో శిక్షకుణ్ణి ‘వరద నెలలను ఎలా చూపిస్తారు’ అని అడిగి చూడండి. వెంటనే యాక్టివిటీ వారీ క్యాలెండర్ల గురించి మాట్లాడితే ఆయన సైటు చూసినవాడే.

అసలు కష్టం అప్‌డేట్ దగ్గర, అంటే జరిగిన పనిని షెడ్యూల్లో ఎక్కించే దగ్గర వస్తుంది. బేస్‌లైన్, అంటే మొదటి షెడ్యూలు, తయారుచేయడం ఒకసారి జరిగే పని, అప్‌డేట్ ప్రతి నెలా, కొన్నిచోట్ల ప్రతి వారం. ఎనిమిది రోజుల కోర్సుల్లో ఎనిమిదో రోజు చివరి గంటలో అప్‌డేట్ చేయించి, సర్టిఫికెట్ల ఫొటో తీసుకుంటారు. ఆ గంటలో జరిగే అప్‌డేట్‌లో అన్నీ వరుసగా, అనుకున్నట్లే పూర్తవుతాయి. సైటులో ఏ పనీ వరుసలో జరగదు.

మీ సైటులోనే జరిగి ఉండే ఉదాహరణ చెబుతాను. బ్లాక్‌వర్క్ ఇరవై రోజులు, అది పూర్తయ్యాక ప్లాస్టరింగ్ పదిహేను రోజులు అని షెడ్యూల్లో ఉందనుకోండి. అప్‌డేట్ రోజుకు బ్లాక్‌వర్క్ సగమే అయింది, ఇంకా పది రోజుల పని ఉంది. అయితే ప్లాస్టరింగ్ మేస్త్రీ ఖాళీగా ఉన్నాడని కింది అంతస్తులో అప్పుడే మొదలుపెట్టేశారు, ఐదు రోజుల పని అయింది, పది రోజులది మిగిలింది. ఇప్పుడు పీ6లో రిటెయిన్డ్ లాజిక్ ఎంచుకుని ఉంటే, మిగిలిన ప్లాస్టరింగ్ బ్లాక్‌వర్క్ ముగిసేదాకా ఆగుతుంది, అంటే డేటా డేట్ (అప్‌డేట్ చేసిన రోజు) నుంచి ఇరవై రోజులు. ప్రోగ్రెస్ ఓవర్‌రైడ్ ఎంచుకుని ఉంటే, ఆ లింకును పట్టించుకోకుండా ఇప్పుడే కొనసాగుతుంది, అంటే పది రోజులు. ఒకే సైటు, ఒకే రోజు, ఒకే పురోగతి. షెడ్యూలింగ్ ఆప్షన్లలో ఒక చిన్న ఎంపిక మార్చితే ముగింపు తేదీలో పది రోజుల తేడా వచ్చింది. ఏది నిజం అంటే రెండూ కాదు. కట్టని గోడకు ప్లాస్టరింగ్ ఎవరూ చేయలేరు కాబట్టి పది రోజులు అబద్ధం, కట్టిన గోడలకు ప్లాస్టరింగ్ ఆగనక్కరలేదు కాబట్టి ఇరవై రోజులూ అబద్ధమే. అంతస్తుల వారీగా యాక్టివిటీలను విడగొట్టి లింకులు మళ్లీ ఇస్తే నిజమైన తేదీ బయటపడుతుంది. చాలా కాంట్రాక్టుల్లో రిటెయిన్డ్ లాజిక్ వాడమనే అడుగుతారు, నేనూ అదే వాడతాను. కానీ అది వరుస తప్పిన చోట్లను కప్పిపుచ్చకుండా చూపిస్తుందనే వాడతాను, అది ఇచ్చే తేదీని నమ్మి కాదు. షెడ్యూలు లెక్క కట్టినప్పుడు సాఫ్ట్‌వేరు ఇచ్చే నివేదికలో ఇలా వరుస తప్పిన యాక్టివిటీల జాబితా ఉంటుంది. మీ కోర్సులో ఆ నివేదికను ఒక్కసారైనా తెరిచి చదివిస్తారో లేదో కనుక్కోండి.

కాబట్టి చేరేముందు మీరు అడగవలసిన రెండో ప్రశ్న, ఒకే ప్రాజెక్టు మీద ఎన్ని అప్‌డేట్లు చేయిస్తారన్నది. కనీసం ఆరు ఉండాలి, వాటిలో రెండు మూడింటిలో పని చెడిపోవాలి, సబ్‌కాంట్రాక్టర్ పారిపోవాలి, డ్రాయింగ్ ఆలస్యం కావాలి, క్లయింట్ కొత్త పని చేర్చాలి. అప్పుడే ఆలస్యం ఎవరిది, ఎన్ని రోజులు అన్న లెక్క మొదలవుతుంది. దీనికి ఇంగ్లండులోని సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా వారి డిలే అండ్ డిస్రప్షన్ ప్రోటోకాల్ ఉంది, దాని రెండో కూర్పు 2017 ఫిబ్రవరిలో వచ్చింది, ఉచితంగా దొరుకుతుంది. అయితే ఇది మొదటి కోర్సులోనే అంతా నేర్పాలని నేను ఆశించను. ఆ పత్రం పేరైనా శిక్షకుడి నోట వినబడితే చాలు.

మూడోది షెడ్యూలు నాణ్యత పరీక్ష. అమెరికా రక్షణ శాఖకు చెందిన కాంట్రాక్టుల నిర్వహణ సంస్థ డీసీఎంఏ పెట్టిన పద్నాలుగు అంశాల పరీక్షను గల్ఫ్‌లో కన్సల్టెంట్లు విరివిగా వాడతారు. ముందో వెనకో లింకు లేని యాక్టివిటీలు ఐదు శాతం మించకూడదు, నెగెటివ్ లాగ్ (ముందు పని ముగియకముందే తర్వాతది మొదలయ్యేలా పెట్టే లాగ్) అసలే ఉండకూడదు, ఒకటి ముగిశాకే ఇంకొకటి మొదలయ్యే ఫినిష్-టు-స్టార్ట్ లింకులు తొంభై శాతమైనా ఉండాలి, 44 పని దినాలకు మించిన ఫ్లోట్ ఉన్నవి ఐదు శాతం లోపే ఉండాలి, నెగెటివ్ ఫ్లోట్ ఉండకూడదు, ఇలా సాగుతుంది. దీన్ని నేర్చుకోండి, కానీ దేవుడి పటం చేసి గోడకు తగిలించకండి. పద్నాలుగూ పాసై, గోడకంటే ముందు ప్లాస్టరింగ్ పెట్టిన షెడ్యూళ్లు నేను చూశాను. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం జీఏవో 2015 డిసెంబరులో ప్రచురించిన షెడ్యూల్ అసెస్‌మెంట్ గైడ్ ఇంతకంటే లోతైనది, పది మంచి పద్ధతులను ఉదాహరణలతో వివరిస్తుంది, అదీ ఉచితమే. రాత్రి భోజనం తర్వాత రోజుకు పది పేజీలు చదివినా నాలుగు నెలల్లోపే రెండుసార్లు తిరగేయవచ్చు.

ఉచితంగా దొరికేవాటి గురించి మాట వచ్చింది కాబట్టి, ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మద్రాసు వారి ప్రాజెక్ట్ ప్లానింగ్ అండ్ కంట్రోల్ కోర్సు ఉంది, నెట్‌వర్కు లెక్కలకు పునాది వేయడానికి అది చాలా బాగుంటుంది. కొలంబియా విశ్వవిద్యాలయం కోర్సెరాలో ఇచ్చే కన్‌స్ట్రక్షన్ షెడ్యూలింగ్ కోర్సు కాస్త తేలిక, కానీ నిర్మాణ రంగం నుంచే ఉదాహరణలు ఇస్తుంది. ఈ రెంటిలో ఒకటి ముందే పూర్తిచేసి, ఆ తర్వాత ఆరు వారాల తరగతుల్లో చేరితే, తరగతిలో మీ సమయం ‘ఫ్లోట్ అంటే ఏమిటి’ దగ్గర వృథా కాదు. మీరు చెప్పిన రికార్డెడ్ వీడియోలు కూడా పనికిరానివి కావు. సాఫ్ట్‌వేరులో ఏదైనా మరిచిపోతే వెతుక్కుని చూసుకోవడానికి అవే అనువు. వాటితోనే మొదలుపెట్టినవారిలో ఎంతమంది నాలుగో అధ్యాయం దాటారో మీ స్నేహితులనే అడగండి.

శిక్షణ ఇచ్చేవారు చట్టబద్ధమైన లైసెన్సుతో నేర్పుతున్నారో లేదో కూడా కనుక్కోండి. డ్రైవ్ లింకు ఒకటి పంపి, అందులోని ఫైలుతో యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేసుకోమంటే, మీ కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఆ పని ఎన్నడూ చేయకండి. వంద శాతం ఉద్యోగం ఇప్పిస్తామన్న మాటను కూడా రుసుములో కలిపి లెక్కించకండి. ప్లానింగ్‌లో ఉద్యోగం ఇచ్చేవారు మీ సర్టిఫికెట్‌ను చూడరు, ఒక గంట సమయం ఇచ్చి ఒక చిన్న ప్రాజెక్టును షెడ్యూలు చేయమంటారు. నేను ఇంటర్వ్యూలు చేసేటప్పుడైతే అదీ చేయను. తప్పులున్న ఒక ఫైలు ఇచ్చి, ఇందులో ఏం బాగోలేదో పది నిమిషాల్లో చెప్పమంటాను.

సర్టిఫికెట్ల విషయంలో మీరు రెండు వేర్వేరు వస్తువులను ఒకే తక్కెడలో పెట్టారు. పీఎంపీ ప్రాజెక్టులను నడిపించేవారికి సంబంధించినది. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారు కూడా ప్రాజెక్టులకు నాయకత్వం వహించిన 36 నెలల అనుభవాన్ని, 35 గంటల శిక్షణను చూపాలి. మీరు సైట్ ఇంజనీరుగా చేసిన పనిలో ఎంత భాగాన్ని నిజాయితీగా అలా రాయగలరో మీరే చూసుకోండి. పీఎంఐ-ఎస్పీ షెడ్యూలింగ్‌కే ప్రత్యేకం. డిగ్రీ ఉన్నవారికి గత ఐదేళ్లలో 24 నెలల షెడ్యూలింగ్ అనుభవం, 30 గంటల షెడ్యూలింగ్ శిక్షణ కావాలి. పరీక్షలో మూడున్నర గంటల్లో 170 ప్రశ్నలుంటాయి. మీకు ఇప్పటికి షెడ్యూలింగ్ అనుభవం లేదు కాబట్టి, రెండేళ్ల తర్వాత ఆలోచించవలసిన మాట అది. అయితే ఇప్పుడు చేరే కోర్సు గంటలు అప్పుడు పనికొస్తాయి కాబట్టి, సర్టిఫికెట్ మీద గంటలు స్పష్టంగా రాయించుకోండి. ఏఏసీఈ ఇంటర్నేషనల్ వారి పీఎస్పీ అని ఇంకొకటి ఉంది. దానికి ఎనిమిదేళ్ల అనుభవం, లేదా డిగ్రీతో నాలుగేళ్ల అనుభవం అడుగుతారు. పరీక్షలో బహుళైచ్ఛిక ప్రశ్నలతోపాటు ఒక మెమో కూడా రాయమంటారు. క్లెయిముల వైపు, అంటే ఆలస్యానికి కాలమో డబ్బో అడిగే లెక్కల వైపు వెళ్లాలనుకునేవారికి నేను దాన్నే ఎక్కువగా చెబుతాను, ముఖ్యంగా ఆ మెమో కారణంగానే.

ఎందుకంటే రాయడం రాని ప్లానరుకు గల్ఫ్‌లో ఎదుగుదల లేదు. ఫిడిక్ అనే అంతర్జాతీయ సంస్థ ప్రచురించిన కాంట్రాక్టు నమూనా, 1999 రెడ్ బుక్‌లో 8.3 నిబంధన ప్రకారం, పని మొదలుపెట్టమని నోటీసు అందిన 28 రోజుల్లో కాంట్రాక్టరు వివరమైన ప్రోగ్రాం ఇవ్వాలి. 2017 కూర్పులో క్రిటికల్ పాత్, ఫ్లోట్, లింకులు అన్నీ చూపాలని ఇంకా విడమరిచి రాశారు. ఆ 28 రోజుల్లో మీరు ఫైలు ఒక్కటే కాదు, దానితోపాటు ఏ పనిని ఎందుకు ఆ వరుసలో పెట్టారో, ఎంతమంది మనుషులను అనుకున్నారో, సెలవులను ఎలా లెక్కించారో ఇరవై ముప్ఫై పేజీల వివరణ ఇంగ్లీషులో రాసివ్వాలి. మనవాళ్లు లెక్కలో గట్టివాళ్లు, ఈ వివరణ దగ్గరే పాత ప్రాజెక్టుది తెచ్చి పేర్లు మార్చి పెడతారు. ఒకసారి నాకు వచ్చిన వివరణలో ఆసుపత్రి ప్రాజెక్టుకు రన్‌వే మార్కింగ్ గురించి ఒక పేరా ఉంది. మీరు ఎంచుకునే శిక్షణలో ఈ వివరణ రాయించి దిద్దితే, అది ఒక్కటే సగం రుసుముకు సరిపోతుంది.

గల్ఫ్‌లోని స్నేహితుడితో కలిసి చేరాలనుకుంటున్నానని కూడా రాశారు. అలాగైతే సమయం చూసుకోండి. హైదరాబాదులో రాత్రి ఏడు గంటల తరగతి దోహాలో సాయంత్రం నాలుగున్నర, ఆయన అప్పటికి సైటులోనే ఉంటాడు. ఇక సాఫ్ట్‌వేరులో పీ6 నేర్చుకోవాలా మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ నేర్చుకోవాలా అన్న సందేహం వద్దు. గల్ఫ్‌లోనూ, ఇక్కడి పెద్ద మౌలిక వసతుల ప్రాజెక్టుల్లోనూ పీ6 అడుగుతారు. హైదరాబాదు బిల్డర్ల దగ్గర మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్, అంతకంటే ఎక్కువగా ఎక్సెల్ నడుస్తుంది. లెక్క ఒకటే కాబట్టి ఒకదాని నుంచి ఇంకొకదానికి మారడం రెండు వారాల పని. రోడ్లు, రైల్వేలు, పైపులైన్ల వైపు వెళ్తే మాత్రం దూరాన్నీ కాలాన్నీ ఒకే పటంలో చూపే టిలోస్ లాంటివి తర్వాత నేర్చుకోవలసి వస్తుంది.

మీకున్న ఒక అదృష్టాన్ని మీరు గుర్తించలేదనిపిస్తోంది. మీరు ఉద్యోగం మానలేదు. చేతిలో కదులుతున్న సైటు ఉంది. రెరా చట్టం వచ్చాక బిల్డరు ముగింపు తేదీని ప్రకటించి, మూడు నెలలకోసారి పురోగతిని నమోదు చేయవలసి వస్తోంది కాబట్టి, మీ కంపెనీలో కూడా ఎవరో ఒకరు ఆ తేదీల గురించి తల పట్టుకుని కూర్చుని ఉంటారు. కోర్సులో ఇచ్చే నమూనాతోపాటు మీ టవర్లో రెండు అంతస్తులు తీసుకోండి. నూట యాభై యాక్టివిటీలకు మించవద్దు. ప్రాజెక్టు పేరు, కంపెనీ పేరు మార్చి రాసుకోండి. డైలీ ప్రోగ్రెస్ రిపోర్టులు మీ దగ్గరకే వస్తాయి కదా, ప్రతి శనివారం సాయంత్రం వాటితో అప్‌డేట్ చేసి, ఫైలును తేదీతో విడిగా దాచండి, పాతదాని మీద రాయకండి. పక్కనే ఒక పేజీలో ఆ వారం ముగింపు తేదీ ఎన్ని రోజులు కదిలింది, ఏ యాక్టివిటీ వల్ల కదిలింది అని నాలుగు వాక్యాలు రాయండి. ఒకసారి ఆ షెడ్యూలును పీ6లోంచి ఎక్స్‌ఈఆర్ ఫైలుగా బయటికి తీసి, నోట్‌ప్యాడ్‌లో కూడా తెరిచి చూడండి. అది మామూలు అక్షరాల ఫైలే, టాస్క్ అన్న పట్టికలో మీ యాక్టివిటీలు, టాస్క్‌ప్రెడ్ అన్న పట్టికలో మీ లింకులు వరుసగా కనిపిస్తాయి. ఫైలు కారణం లేకుండా బరువెక్కితే అందులో పీవోబీఎస్ అన్న పట్టిక వేల లైన్లుగా పెరిగిపోయి ఉంటుంది, దాన్ని తొలగించడం ఎలాగో మీ శిక్షకుణ్ణి అడగండి, ఆయన అనుభవం కూడా తెలిసిపోతుంది.

ఇలా పన్నెండు వారాలు చేస్తే పన్నెండు ఫైళ్లు, పన్నెండు పేజీలు మిగులుతాయి. ఇంటర్వ్యూకు సర్టిఫికెట్‌తోపాటు అవి తీసుకెళ్లండి. ఆ పన్నెండింటిలో ఏడో అప్‌డేట్ దగ్గరో ఎనిమిదో దాని దగ్గరో మీ సెంట్రింగ్ మేస్త్రీ పండగకు ఊరెళ్లి పది రోజుల దాకా తిరిగి రాడు. అప్పుడు ఫ్లోట్ ఏ దారిలో ఎంత తరిగిందో చూసి, ఆ వారం రాసిన నాలుగు వాక్యాలను ఇక్కడ పెట్టండి. ఫైలు కూడా పంపితే తెరిచి చూస్తాను.